బారాణ దాటితే కూసో: ఊపిరితిత్తుల జబ్బుకు ఫోన్లో వ్యాయామం

"మొఖం గాదు పెద్దయ్యా, మోకాళ్లు చూపెట్టుండ్రి" అంది ఫోన్లోంచి ఫిజియోథెరపిస్టు అమ్మాయి.

దేవరకొండ దిక్కు మా పల్లెలో, మా పెద్దనాయిన ఇంటి వాకిట్లో జరిగిన ముచ్చట ఇది. ఫోన్‌ను రోలు మీద చెంబుకు ఆనించి నిలబెట్టాను. పెద్దనాయిన గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఛాతీ మీద కట్టుకొని కూర్చున్నాడు. ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలడో చూడాలి. పదకొండుకే ఆగిపోయాడు.

"దమ్ము ఎంతొస్తుంది? పదిలో ఎన్ని?"

"పదిలో ఏంది బిడ్డా, నూటికి నూరొస్తుంది."

ఆ అమ్మాయి కాసేపు ఆగింది. "సరే, రూపాయిల చెప్పుండ్రి. చారాణనా, ఆఠాణనా, బారాణనా?"

పెద్దనాయిన అప్పుడు నిజంగా ఆలోచించాడు. "ఆఠాణ దాటింది. బారాణ కాలే."

"మంచిది. మనం చారాణకు ఆఠాణకు నడుమ చెయ్యాలె. బారాణ దాటితే కూసోవాలె."

ఆయాసాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచే కొలమానాన్ని బోర్గ్ స్కేల్ అంటారు. ఊపిరితిత్తుల రోగులు వ్యాయామం చేసేటప్పుడు అందులో దాదాపు మూడు నుంచి ఐదు మధ్య ఉండాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. దాన్ని ఆ అమ్మాయి పావలా నుంచి అర్ధరూపాయి దాకా అని తర్జుమా చేసింది. బారాణ అంటే ముప్పావు రూపాయి. లేచి కూర్చోవడం, నడవడం, నీళ్ల సీసా ఎత్తడం యూట్యూబ్‌లో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఎంత ఆయాసం దాకా పోవచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి అక్కడ దొరకరు. ఫోన్లో చేయించే వ్యాయామం పనిచేస్తుందా లేదా అన్న చర్చంతా నాకు చివరికి ఈ ఒక్క చోటికే వచ్చి ఆగుతుంది.

మొదట జబ్బు సంగతి. మా దిక్కు దీన్ని దమ్ము అంటారు, ఉబ్బసం అంటారు. కాగితం మీద డాక్టర్లు సీఓపీడీ అని రాస్తారు. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చి గాలి గొట్టాలు ఇరుకై, గాలి తిత్తుల గోడలు పలచబడి, లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాని పరిస్థితి. నిజానికి ఉబ్బసం (ఆస్తమా) వేరు, అది వచ్చిపోతుంటుంది, సీఓపీడీ మాత్రం పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దాదాపు 35 లక్షల మంది దీంతో చనిపోయారు. మన దేశంలో 1990లో 2.81 కోట్లు ఉన్న రోగులు 2016 నాటికి 5.53 కోట్లయ్యారని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2018లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

బీడీ, చుట్ట తాగినోళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. మా పెద్దమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకొని కూర్చుంది. గ్యాస్ వచ్చాక కూడా స్నానాల నీళ్లు కాగేది బయట మూడు రాళ్ల పొయ్యి మీదనే. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఊక దుమ్ము, మట్టపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు దుమ్ము, కోతలయ్యాక కాల్చే గడ్డి పొగ. పాలమూరు నుంచి వలసపోయి రాళ్లు కొట్టినోళ్లకు, క్వారీల్లో డ్రిల్లింగ్ చేసినోళ్లకు వచ్చే సిలికోసిస్ వేరే జబ్బు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. టీబీ నయమైనా మచ్చలు మిగిలిన ఊపిరితిత్తులది ఇంకో కథ. పేర్లు ఎన్నున్నా రోగి చెప్పే మాట ఒకటే: "నడిస్తే దమ్మొస్తుంది."

నడిస్తే దమ్మొచ్చే మనిషిని నడవమంటే ఎట్లా? ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఇది, అడగాల్సిందే. జవాబు ఊపిరితిత్తుల్లో వెతికితే దొరకదు, తొడల్లో దొరుకుతుంది. ఆయాసం వస్తుందని మనిషి నడక తగ్గిస్తాడు. వాడని కండ కరిగిపోతుంది. బలం తగ్గిన కండ చిన్న పనికే అలిసి లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తుంది. దాన్ని సర్దడానికి ఒళ్లు ఇంకా ఎక్కువ గాలి అడుగుతుంది. అంటే అదే పనికి నిరుటి కన్నా ఇప్పుడు ఎక్కువ ఆయాసం. దాంతో ఇంకొంచెం తక్కువ నడుస్తాడు. వాకిలి దాకా పోయే మనిషి అరుగు దాకా, అరుగు దాకా పోయేవాడు మంచం దాకా వచ్చేస్తాడు. జబ్బు ముదిరిందనుకుంటాం. సగం ముదిరింది కాళ్లు.

వ్యాయామం ఈ చక్రాన్ని వెనక్కి తిప్పుతుంది. తొడ కండ బలపడి ఆక్సిజన్‌ను పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటుంది. అదే దూరానికి తక్కువ ఊపిరి చాలు. ఊపిరితిత్తులు మాత్రం ఎట్లున్నవి అట్లనే ఉంటాయి. ఎనిమిది వారాల వ్యాయామం తర్వాత ఊదే పరీక్ష (స్పైరోమెట్రీ) చేయిస్తే దాదాపు అదే అంకె వస్తుంది. "మిషన్ల ఏం మారలే, బాగైందంటవేందిరా?" అని పెద్దనాయిన నన్ను నిలదీశాడు కూడా. మిషన్ కొలిచేది గొట్టాల్ని, తొడల్ని కాదని చెప్పాను. నమ్మినట్టు కనపడలేదు.

దీన్ని వైద్యులు పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు, పొట్టిగా రిహాబ్. వైద్య అధ్యయనాల్ని ఒక్కచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష 65 అధ్యయనాల్ని, 3,822 మంది రోగుల్ని కలిపి చూసింది. ఆరు నిమిషాల నడక పరీక్షలో రిహాబ్ చేసినవాళ్లు చేయనివాళ్ల కన్నా సగటున 44 మీటర్లు ఎక్కువ నడిచారు. 44 మీటర్లంటే మా పెద్దనాయినకు ఇంటికీ కిరాణం దుకాణానికీ ఉన్న దూరం. ఎవర్నీ పంపకుండా తనే పోయి చాయిపత్తి తెచ్చుకోవడమన్నమాట. ఇక అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా రికార్డుల మీద 2020లో వచ్చిన అధ్యయనం సీఓపీడీతో ఆసుపత్రిలో చేరి ఇంటికెళ్లిన 1,97,376 మందిని చూసింది. 90 రోజుల్లోపు రిహాబ్ మొదలుపెట్టినవాళ్లలో ఏడాదిలోగా చనిపోయింది 7.3 శాతం, మిగతావాళ్లలో 19.6 శాతం. ఒంట్లో కాస్త ఓపిక ఉన్నవాళ్లే రిహాబ్‌కు వచ్చి ఉంటారు కాబట్టి ఈ తేడా మొత్తాన్ని వ్యాయామం ఖాతాలో రాయలేం. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచిన అంకె వేరే ఉంది. ఆ లక్షల మందిలో రిహాబ్ మొదలుపెట్టింది 1.5 శాతమే. అంత సొమ్మున్న దేశంలో!

ఎందుకు పోరు? ఎందుకంటే అది దూరం. వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు అంటే 24 సార్లు. మా ఊరి నుంచి నల్లగొండకు దాదాపు 60 కిలోమీటర్లు. పోనురాను కలిపి లెక్కేస్తే 2,880 కిలోమీటర్లు. అంత దూరంలో కాశీకి పోయి రావచ్చు. బస్సులో నిలబడలేని మనిషిని నడక నేర్పడానికి కాశీయాత్ర చేయించడం ఏం వైద్యం? తోడు ఒక మనిషి రావాలి, ఆ మనిషి కూలి పోతుంది. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో టికెట్ లేదు గనక మా పెద్దమ్మ ఉచితంగా తోడు రాగలదు, దమ్మున్న పెద్దమ్మ ఇంకో దమ్మున్న మనిషికి తోడు!

టెలిరిహాబ్, అంటే దూరం నుంచి ఫోన్లో చేయించే రిహాబ్, పుట్టింది ఇందుకు. అనుకున్నంత హైటెక్ సంగతేం కాదు. 2021లో వచ్చిన మరో కాక్రేన్ సమీక్ష 15 అధ్యయనాలను, 1,904 మందిని కలిపి చూసింది. దాదాపు అందరూ సీఓపీడీ వాళ్లే. ఇంటి దగ్గర ఫోన్, వీడియో, వెబ్ ద్వారా చేసినవాళ్ల నడక సామర్థ్యం ఆసుపత్రికి వచ్చి చేసినవాళ్లతో దాదాపు సమానంగా ఉంది. ప్రమాదాలు ఎక్కువ కాలేదు. చివరిదాకా పూర్తి చేసినవాళ్లు ఫోన్ దిక్కు 93 శాతం, ఆసుపత్రి దిక్కు 70 శాతం. 2023లో అక్కడి ఛాతీ వైద్యుల సంఘం అమెరికన్ థొరాసిక్ సొసైటీ కూడా రోగికి రెండు దారులూ చూపించి ఎంచుకోనివ్వాలని మార్గదర్శకం ఇచ్చింది.

నాకు బాగా నచ్చింది మాత్రం 2017లో థొరాక్స్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం. 166 మంది రోగులు. ఇంటి బృందానికి ఫిజియో ఒకేసారి ఇంటికొచ్చి అంతా చూపించి పోయారు. ఆ తర్వాత వారానికి ఒక్క ఫోన్ కాల్ చొప్పున ఏడు కాల్స్. వీడియో లేదు, యాప్ లేదు, సెన్సర్లు లేవు. ఎనిమిది వారాల చివర వాళ్ల నడక ఆసుపత్రి బృందం కన్నా తక్కువేం లేదు. నెట్‌వర్క్ కోసం మిద్దె ఎక్కే ఊళ్లకు ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? ఆయాసమున్న మనిషి సిగ్నల్ కోసం మిద్దె ఎక్కడం అదో వ్యాయామం, చెయ్యకూడని వ్యాయామం. అందుకే చేతిపట్టీలు, బ్లూటూత్ సైకిళ్లు అమ్మజూపే కంపెనీల ప్రకటనలు చూస్తే నాకు మన సామెతే గుర్తొస్తుంది, చారాణ కోడికి బారాణ మసాలా.

కొనాల్సిన వస్తువు ఒక్కటుంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్, కరోనా నాడు కొన్నది చాలా ఇళ్లలో అల్మారాలో పడే ఉంది. దాన్ని చూడటం నేర్చుకోవాలి. నడక ఆపి కాసేపయ్యాక కాదు, నడుస్తుండగా గానీ ఆగిన వెంటనే గానీ చూడాలి. అంకె నిలకడగా నిలిచేదాకా కొన్ని క్షణాలు ఆగాలి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. నల్లటి ఒంటి మీద అసలు కన్నా కాస్త ఎక్కువ చూపించే గుణం కూడా దానికుంది, కాబట్టి అంచు అంకెల్ని నమ్మి ధైర్యం చేయొద్దు. చాలామందికి డాక్టర్లు చెప్పే గీత 88. అంతకు దిగితే ఆగాలి. మీ గీత ఎంతో మీ డాక్టర్ దగ్గర రాయించుకోండి. సిలికోసిస్ వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కూర్చున్నప్పుడు 95 చూపించే మనిషికి నాలుగు అడుగులేస్తే 85కు పడిపోవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడిన జబ్బుల్లో అట్లా జరుగుతుంది. వాళ్లకు ఆక్సిజన్ పెట్టుకొని చేయించాల్సి రావచ్చు. ఆ నిర్ణయం ఫోన్లో తీసుకునేది కాదు.

ఊపిరి వదలడం సంగతి. పెద్దనాయిన గాలి అందడం లేదని గబగబా పీల్చేవాడు. అసలు ఇబ్బంది పీల్చడంలో లేదు. దేవరకొండ బస్టాండ్లో దిగేటోళ్లు దిగకముందే ఎక్కేటోళ్లు తోసుకొని ఎక్కితే ఏమవుతుంది? బస్సు కిక్కిరిసిపోతుంది, డోరు దగ్గర తొక్కిసలాట. పాత గాలి బయటికి పోకముందే కొత్త గాలి పీలిస్తే ఛాతీలోనూ అంతే. ఛాతీ ఉబ్బిపోయి, కింద గొడుగులా ఉండాల్సిన, ఊపిరి లాగే డయాఫ్రం కండ పళ్లెంలా చదునవుతుంది. చదునైన కండ ఇంకెంత లాగుతుంది? అందుకని ముక్కుతో పీల్చి, పెదవులు గుండ్రంగా చేసి, పీల్చినదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదలాలి. పెదవుల దగ్గర ఆ చిన్న అడ్డు గొట్టాల్ని ముడుచుకుపోనివ్వదు. "ఊదుగొట్టంతో ఊదినట్టా?" అని అడిగింది పెద్దమ్మ. "అంత గట్టిగ గాదమ్మా, దీపం వంగాలె, ఆరిపోవద్దు" అంది ఫోన్లో అమ్మాయి. పొయ్యి ఊది జబ్బు తెచ్చుకున్న మనిషి దీపం ఊదడం నేర్చుకుంది.

లేచేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు, అంటే కష్టం ఉన్న చోట ఊపిరి వదలాలి. మనం సహజంగా బిగబడతాం. ఈ ఒక్క తప్పును పట్టుకోవడానికే వీడియో గానీ ఎదురుగా మనిషి గానీ కావాలి, మాటల్లో చెబితే సరిపోదు. చేతుల వ్యాయామం ఎందుకో కూడా మొదట అర్థం కాలేదు. భుజాలు, మెడ దగ్గరి కండలు ఈ రోగుల్లో ఊపిరికి కూడా సాయం చేస్తుంటాయి. తల దువ్వుకోవడానికి, దండెం మీద బట్టలారేయడానికి చేయి పైకెత్తితే ఆ కండలు రెండు పనులు చేయలేక దమ్ము పెరుగుతుంది. అర లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. అర లీటరు నీళ్లు అరకిలో. తూకం సరిగ్గా ఉంటుంది, డంబెల్ అక్కర్లేదు. బలం పెరిగితే లీటరు సీసా.

నడక బడి ముందు చదును బాట మీద. దూరం అడుగులతో కొలిచాం. ఒక్కో చుట్టుకు చొక్కా జేబులోంచి ఒక చింతగింజ తీసి పక్కన వేస్తాడు. మొదటి వారం నాలుగు గింజలు, మధ్యలో రెండుసార్లు మోకాళ్ల మీద చేతులానించి వంగి నిలబడ్డాడు. అట్లా వంగడం తప్పేం కాదు, నిజానికి అది డాక్టర్లే నేర్పే భంగిమ. చేతులకు ఆధారం దొరికితే భుజాల కండలు ఊపిరికి మిగులుతాయి. ఎండాకాలంలో మా దిక్కు పొద్దున ఏడు దాటితే బయట నడక వద్దు. యాసంగి కోతలప్పుడు, గడ్డి కాల్చేటప్పుడు ఇంట్లోనే గోడ పట్టుకొని నిలబడ్డ చోట అడుగులు. పీల్చే మందు డాక్టర్ వాడమంటే వ్యాయామానికి ఓ పావుగంట ముందు.

మర్రిగూడ, మునుగోడు దిక్కు వాళ్లకు ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు అరవై దాటింది. నడుము వంగదు, మోకాలు పూర్తిగా మడవదు. అలాంటి మనిషి నిమిషంలో ఆరుసార్లే లేచాడంటే దమ్ము వల్లనా, కీళ్ల వల్లనా? పుస్తకంలో ఉన్న లెక్క ఇక్కడ నప్పదు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాలి, సగం లేచినా చాలనాలి. హైదరాబాద్‌లో కూర్చున్న ఫిజియోకు ఇది తెలియకపోతే మీరే చెప్పాలి, వెనకాడొద్దు.

ఫోన్ చేయలేని పనులూ ఉన్నాయి. మొదటి పరీక్ష మనిషిని ఎదురుగా చూసే చేయాలి. ఊదే పరీక్ష, ఈసీజీ, అవసరమైతే తెమడ పరీక్ష. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ, దగ్గులో రక్తం పడుతుంటే వ్యాయామం మాట తర్వాత. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, బీపీ అదుపులో లేకున్నా అంతే. చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పెదవులు నల్లబడటం, కూర్చొని పది నిమిషాలైనా దమ్ము తగ్గకపోవడం, ఇవేవి వచ్చినా ఆపి 108కు ఫోన్. మంచి ఫిజియో మొదటి కాల్‌లోనే ఊరు, వాడ, పక్కింటివాళ్ల నంబరు రాసుకుంటారు. అడగని మనిషి దగ్గర నాకు నమ్మకం కలగదు. ఒంటరిగా ఉన్న ఇంట్లో చేయొద్దు. పిల్లలైనా పక్కన ఉండాలి.

ఇంత తెలిసిన సంగతి రోగి దాకా ఎందుకు రాదు? పోయిన చలికాలం పెద్దనాయిన ఒక ఆసుపత్రిలో ఆరు రోజులున్నాడు. డిశ్చార్జి కాగితంలో ఏడు మందుల పేర్లు, పూటల లెక్కతో సహా ఉన్నాయి. చివర్లో ఒక్క మాట: "నడక". ఎంత, ఎప్పుడు, ఎక్కడ ఆగాలి? ఏమీ లేదు. మందుకు మోతాదు రాసిన చెయ్యి నడకకు రాయలేదు. మరో చోట ఇంకొకరు "రెస్టు తీసుకో తాతా" అన్నారు, ఆయన నాలుగు నెలలు మంచం దిగలేదు. ఫిజియో అంటే మన దగ్గర నడుము నొప్పి, మోకాళ్లు, పక్షవాతం. దమ్ముకు ఫిజియో అంటే సగం మంది నవ్వుతారు.

ప్రభుత్వ ఈ-సంజీవని 2019 నుంచి ఉంది, పల్లె దవాఖానలో కూర్చొని దూరపు డాక్టర్‌తో మాట్లాడొచ్చు. కానీ అది సలహాకు వేసిన దారి, వారానికి రెండు మూడుసార్లు ముప్పావు గంట వ్యాయామం చేయించే ఏర్పాటు కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒక్కో కాలేజీ ఆసుపత్రిలో ఒక ఫిజియో, ఒక టేబుల్, ఒక ఫోన్ ఈ పనికే కేటాయిస్తే, పల్లె దవాఖానలో నలుగురు రోగులు నాలుగు కుర్చీలేసుకుంటే సరిపోతుందని నా లెక్క. యంత్రాల కొరత కన్నా ఇది పట్టించుకునే మనిషి కొరత. అప్పటిదాకా మీ ఛాతీ డాక్టర్‌ను సూటిగా అడగండి: నాకు రిహాబ్ పనికొస్తుందా, ఫోన్లో చేయించేవాళ్లు ఎవరున్నారు, నా ఆక్సిజన్ గీత ఎంత? ఊదే పరీక్ష ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కొని పొండి, ఖాళీ చేతులతో తిరిగిరావద్దు.

ఇంకో సంగతి దాచడం న్యాయం కాదు. వచ్చిన బలం నిలవదు. నేను మెచ్చుకున్న ఆ ఆస్ట్రేలియా అధ్యయనంలోనే పన్నెండు నెలల తర్వాత చూస్తే ఆసుపత్రి వాళ్లకూ ఇంటివాళ్లకూ పెరిగింది మిగల్లేదు. బీపీ గోలీ ఆపితే బీపీ పెరిగినట్టే ఇది కూడా. ఎనిమిది వారాల కోర్సు అనే మాటే తప్పుదారి పట్టిస్తుందేమో అనిపిస్తుంది నాకు. కోర్సంటే అయిపోయేది కదా.

పెద్దనాయిన ఎనిమిదో వారంలో నిమిషానికి పదహారుసార్లు లేచాడు. మూడు పెరిగినా లెక్కలోకి వచ్చే మార్పే అంటారు, ఆయనకు ఐదు పెరిగింది. చింతగింజలు పద్దెనిమిది. ఆ వారంతో కాల్స్ ఆగిపోయాయి. వరికోతలొచ్చాయి, దుమ్మని నడక మానేశాడు, ఇరవై రోజులు పోయాయి. మళ్లీ కుర్చీ వేసి లెక్కపెడితే పదమూడు. నేనేం అనలేదు. ఆయనే నా ఫోన్ తీసుకొని ఆ అమ్మాయికి కలపమన్నాడు.

"ఎట్లున్నరు పెద్దయ్యా? ఇయ్యాల దమ్మెంత?"

"ఆఠాణ మీద ఒక పైస" అన్నాడు, ఫోన్‌ను మోకాళ్ల దిక్కు తిప్పుతూ.